కొండ వైపు కొట్టు భాయ్!

ఆ రోజుల్లో నాకు కాళ్ల కంటే నోరు బాగా ఆడేది. (ఇప్పుడు రెండూ అంతంతమాత్రమే అనుకోండి, ఆ సంగతి వేరు.) పాతికేళ్ల వయసులో, ఒమాన్‌లోని నిజ్వా ఊరి చివర కొండ కింద మా కంపెనీ క్యాంపులో ఉన్నప్పుడు, ఫుట్‌బాల్ గురించి నాకు తెలియనిది ఈ భూమ్మీద లేదని గట్టిగా నమ్మేవాణ్ని. బంతిని కాలితో తన్నింది మాత్రం జన్మలో ఒక్కసారే. చిన్నప్పుడు మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు బలవంతం చేస్తే తన్నాను. బంతి ఉన్నచోటే ఉంది, నా కాలి చెప్పు ఎగిరి వెళ్లి ఆయన కళ్లజోడుకు తగిలింది. ఆయన నన్ను చెయ్యిపట్టి తీసుకెళ్లి గట్టు మీద కూర్చోబెట్టి, "నువ్వు చూడు నాయనా, చూసేదానికి కూడా ఒకడు ఉండల్ల గదా" అన్నారు. విసుగుతో అన్న ఆ మాటను నేను ఆశీర్వాదంగా తీసుకున్నాను. అప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను. టీవీలో చూశాను, ఫోన్‌లో చూశాను, పక్కవాడి ఫోన్‌లో వాడి భుజం మీదుగా కూడా చూశాను.

మాది బిల్డింగులు కట్టే కంపెనీ. నేను స్టోర్ కీపర్ని. సైట్‌కు కావలసిన పైపులు, ప్లైవుడ్, మేకులు, హెల్మెట్లు ఇచ్చి పుచ్చుకోవడం నా డ్యూటీ. అందుకని క్యాంపులో అందరికీ నేను 'స్టోర్ భాయ్'. క్యాంపు వెనక, కొండకూ రోడ్డుకూ మధ్య, ఒక ఖాళీ స్థలం ఉండేది. గడ్డిపరక మొలవని కంకర నేల. రెండు చివరలా స్కఫోల్డింగ్ పైపులు వెల్డింగ్ చేసి నిలబెట్టిన గోల్‌పోస్టులు ఉండేవి కాబట్టి దాన్ని గ్రౌండ్ అనేవాళ్లం. పడితే మోకాలు చెక్కుకుపోయేది. అయినా ఆ గ్రౌండ్ అంటే మాకు ప్రాణం. రూముకు ఎనిమిది మందిమి. రూమ్‌లో ఒకడు కాళ్లు చాపుకోవాలంటే ఇంకొకడు ముడుచుకోవాలి. ఆ గ్రౌండే మాకు వసారా, అరుగు, పెరడు అన్నీ. ఫోన్ సిగ్నల్ గోల్‌పోస్టు దగ్గర బాగా దొరికేది కాబట్టి ఇళ్లకు ఫోన్లన్నీ అక్కడి నుంచే. పెళ్లాల అలకలు, పిల్లల మార్కులు, చెల్లెళ్ల పెళ్లిచూపులు అన్నీ ఆ పైపును పట్టుకునే విన్నాం. శుక్రవారం పొద్దున అక్కడే ఒకరికొకరు జుట్టు కత్తిరించుకునేవాళ్లు, సాయంత్రం అక్కడే ఆట.

ఇక మా జట్టు. కెప్టెన్ కడప నుంచి వచ్చిన షట్టరింగ్ వడ్రంగి, కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కట్టేవాడు. ఇంట్లో ఉర్దూ, నాతో అచ్చమైన కడప తెలుగు. నాకన్నా రెండేళ్లు చిన్న కాబట్టి నన్ను 'అన్నా' అనేవాడు, అందరిలాగే నేనూ అతన్ని 'కడప భాయ్' అనేవాణ్ని. గోల్‌కీపర్ మా మెస్‌లో వంట చేసే చాచా, హైదరాబాద్ పాతబస్తీ మనిషి. ఆయన నిలబడితే గోల్‌పోస్టు సగం నిండేది. గోల్స్ అన్నీ మిగతా సగంలోంచి పడేవి. ముందు వరసలో నేపాల్ కుర్రవాడు, బుల్లెట్. ఒకసారి బయలుదేరాడంటే ఆగేవాడు కాదు, బంతి వెనకే ఉండిపోయినా సరే. మిగిలినవాళ్లు కేరళ, పంజాబ్, బంగ్లాదేశ్. ఇంతమందికీ కలిసిన భాష హిందీ, అదీ ఎవరికి చేతనైన హిందీ వాళ్లది.

ఈ జట్టు ప్రతి ఏడాదీ నిజ్వాలో జరిగే క్యాంపుల పోటీలో మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయేది. దానికి కారణం హల్వా. మా ముదీర్, అంటే క్యాంపు మేనేజర్, ఆ ఊరి పెద్దమనిషి, మనసున్నవాడే. గోల్ కొట్టినవాడికి నిజ్వా బజారు నుంచి ఒక డబ్బా హల్వా తెప్పించి స్వయంగా చేతికివ్వడం ఆయన పెట్టిన ఆచారం. మీరు ఒమాన్ హల్వా తిన్నారో లేదో నాకు తెలియదు. నెయ్యి, కుంకుమపువ్వు, యాలకులు వేసి గంటలకొద్దీ కలిపి తీస్తారు, వేలితో తీసుకుని నోట్లో పెట్టుకుంటే నాలుక మాట వినదు. మంచి ఉద్దేశంతో పెట్టిన ఆ డబ్బా మా జట్టు కొంప ముంచింది. బంతి కాలికి దొరికినవాడు చచ్చినా పక్కవాడికి ఇచ్చేవాడు కాదు. బెల్లం చుట్టూ ఈగల్లా పదిమందీ బంతి చుట్టూ మూగేవాళ్లు. అవతలి జట్టువాళ్ల కంటే మావాళ్లే మావాళ్ల కాళ్లకు ఎక్కువ అడ్డం పడేవారు. ఒకసారైతే బుల్లెట్ గోల్ ముందుకెళ్లి కొట్టబోతుంటే మా పంజాబీ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. "హల్వా పోయినసారి కూడా వీడే తిన్నాడు" అన్నాడు, అదొక న్యాయంలా.

ఆ ఏడాది చలికాలం మొదట్లో ముదీర్ నన్నూ కడప భాయ్‌నీ ఆఫీసుకు పిలిపించాడు. కంపెనీకి పెద్ద పని వచ్చిందట, లారీల కొద్దీ పైపులు వస్తాయట, పెట్టడానికి చోటు కావాలట. ఆయన కిటికీలోంచి గ్రౌండ్ వైపు చూశాడు. "ప్రతి ఏడాదీ ఓడిపోతారు. మీకు గ్రౌండ్ దేనికి?" అన్నాడు హిందీలో. కడప భాయ్ బతిమాలాడు, నేనూ గొంతు కలిపాను. ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, "సరే. ఈసారి కప్పు తెస్తే గ్రౌండ్ మీది. తేకపోతే ఫైనల్ మరుసటి రోజు నుంచి పైపులు అక్కడే. ఖలాస్" అన్నాడు. ఖలాస్ అంటే ఇక మాట్లాడేది లేదని. ఆ పైపులు దింపించాల్సింది స్టోర్ కీపరు, అంటే నేనే. నా చేత్తో నేనే మా పెరట్లో పైపులు పేర్చాలి. ఆ రాత్రి మెస్‌లో ఎవరికీ ముద్ద దిగలేదు. చాచా ఒక్కడే, "క్యా మియా, ఖానా క్యా గునా కియా?" అని (అన్నం చేసిన నేరమేమిటయ్యా అని) గరిటెతో గిన్నె అంచు మీద కొట్టాడు.

నేను ఊరుకుంటానా? మర్నాడే స్టోర్‌లో హెల్మెట్లు వచ్చిన అట్టపెట్టె చింపి దాని మీద బాణం గుర్తులు గీసి జట్టుకు పాఠం చెప్పాను. వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి పరిగెత్తాలో, ఏ కాలితో పరిగెత్తాలో కూడా చెప్పాను. అందరూ బుద్ధిగా విన్నారు. చివర్లో కేరళ అబ్బాయి చెయ్యెత్తి, "స్టోర్ భాయ్, ఈ అట్ట అయిపోయాక నాకిస్తారా? మంచం కింద పరుచుకుంటా" అన్నాడు. తర్వాత కడప భాయ్ లేచాడు. అతను బొమ్మలేమీ గీయలేదు. "లారీ నుంచి సిమెంటు బ్లాకులు దించేటప్పుడు ఏం చేస్తాం? వరసగా నిలబడతాం. బ్లాక్ చేతికి రాగానే పక్కవాడికి ఇస్తాం. వాడి మొహం కూడా చూడం, వాడు అక్కడ ఉంటాడని తెలుసు. నాదే బ్లాక్ అని ఎవడైనా వాటేసుకుని కూర్చుంటాడా? బంతి కూడా బ్లాకే" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: ఇకమీదట గోల్ ఎవరు కొట్టినా హల్వా డబ్బా మెస్ బల్ల మధ్యలో పెట్టాలి, అందరికీ స్పూన్లు. దాంతో పదిమందీ తలలూపారు. నా నాలుగూ నాలుగూ రెండు మాత్రం మంచం కిందికి వెళ్లిపోయింది.

నెలరోజులు డ్యూటీ దిగగానే సాధన. బ్లాకుల వరసలో ఎవరి పక్కన ఎవరు నిలబడతారో గ్రౌండ్‌లోనూ వాళ్ల పక్కన వాళ్లే. చూస్తుండగానే ఈగలు విడిపోయి మనుషులయ్యారు. బుల్లెట్ పరిగెత్తి, ఆగి, వెనక్కి తిరిగి చూడడం నేర్చుకున్నాడు. ఇది మామూలు విషయం కాదు, ఆ దృశ్యానికి నేను ఈల వేశాను. నేను గట్టు మీద కూర్చుని, "శభాష్! నేను చెప్పినట్టే!" అని అరుస్తుండేవాణ్ని. నేను చెప్పినట్టు అక్కడేమీ జరగడం లేదు గానీ, పెళ్లి బాగా జరిగితే పెళ్లిళ్ల పేరయ్యకూ కాస్త పేరు రావాలి కదా.

మొదటి మ్యాచ్ మా గ్రౌండ్‌లోనే, సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత. అవతల ఒక రోడ్డు కంపెనీ జట్టు. నేను స్టోర్ నుంచి చేతిమైకు కూడా తెచ్చుకున్నాను (సైట్‌లో ప్రమాద హెచ్చరికలకు వాడేది, నాకు నేనే ఇష్యూ చేసుకున్నాను). ఆట మొదలైంది, నేనూ మొదలయ్యాను. మా గ్రౌండ్‌లో కుడి ఎడమలంటే గొడవ. ఇటు తిరిగినవాడి కుడి అటు తిరిగినవాడికి ఎడమ అవుతుంది. అందుకని నేను 'పహాడ్!' అంటే కొండ వైపు, 'రోడ్!' అంటే రోడ్డు వైపు. "బుల్లెట్, పహాడ్! పంజాబీ, రోడ్ కీ తరఫ్ దే!" అంటూ దద్దరిల్లేలా చెప్పాను. మావాళ్లు చెప్పింది చెప్పినట్టు చేశారు. బంతి ఎటు పోతే అటు అవతలివాళ్లు ముందే వచ్చి నిలబడి ఉన్నారు. ఏం ఖర్మో! అరగంటలో రెండు గోల్స్ తిన్నాం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా ఎండదని నేను తీర్మానించాను.

సగం ఆటకు విరామం ఇచ్చినప్పుడు జట్టంతా దూరంగా గుండ్రంగా నిలబడి గుసగుసలాడుకున్నారు. నేను వెళ్లబోతే చాచా మధ్యలో అడ్డంగా నిలబడ్డాడు. (ఆయన అడ్డంగా నిలబడితే ఇక అక్కడ దారి లేదని అర్థం.) తర్వాత కడప భాయ్ మెస్ నుంచి ఒక కుర్చీ మోసుకొచ్చాడు.

"అన్నా, నువ్వు ఈడ గాదు, ఆ పక్క కూచో."

"ఏ పక్క?"

"అదో, వాళ్ల గోల్ కాడ. ఆడైతే నీకు అంతా అగుపడతాది. నువ్వు చెప్పేది మాకు బాగా ఇనపడతాది."

"సరే. హిందీలో అరిస్తే వాళ్లకీ అర్థమవుతోందేమో భాయ్. నీకైతే తెలుగులో చెప్తా, నువ్వు మిగతావాళ్లకు చెప్పు."

"వద్దు వద్దన్నా!" అన్నాడు కంగారుగా. "హిందీలోనే అరువు. మనోళ్లకు అందరికీ తెలియల్ల గదా. ఇంకా గట్టిగా అరువు. నీ నోట్లోనే ఉండాది అంతా."

నా నోట్లోనే ఉంది అంతా! ఆ మాటతో నా కళ్లు నెత్తికెక్కాయి. ఇన్నాళ్లకు నన్ను గుర్తించారనుకున్నాను. నాకోసం కుర్చీ వేశారు, అదీ చేతుల కుర్చీ. వెళ్లి అవతలి గోల్ పక్కన దర్జాగా కూర్చుని మైకు పట్టాను. "పహాడ్! పహాడ్!" అని అరిచాను. బుల్లెట్ వెధవ బంతిని రోడ్డు వైపు తీసుకెళ్లి గోల్ కొట్టాడు. "రోడ్ కీ తరఫ్!" అన్నాను. పంజాబీ కొండ వైపు నుంచి కొట్టాడు, అదీ గోలే. అలా మూడు కొట్టారు. గెలిచాం! అందరూ గంతులేస్తుంటే నేనూ గంతులేశాను గానీ, లోపల ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఒక్కడూ నా మాట వినడం లేదు. గెలిచినవాళ్లను తిట్టడం ఎలా? కడప భాయ్‌ను పక్కకు పిలిచి, "గోల్ అయింది కాబట్టి సరిపోయింది, నేను చెప్పినట్టు చేసుంటే ఇంకా బాగుండేది" అన్నాను. అతను ముఖం పక్కకు తిప్పుకుని దగ్గాడు. "నువ్వు చెప్పేది చెప్తా ఉండన్నా, పిల్లోళ్లు మెల్లగా నేర్చుకుంటారు" అన్నాడు.

రెండో మ్యాచూ అంతే, సెమీఫైనలూ అంతే. నేను కొండ అంటే వాళ్లు రోడ్డు, నేను రోడ్డు అంటే వాళ్లు కొండ. అవతలి జట్లవాళ్లు మాత్రం ఎంత మర్యాదస్తులో! నేను ఎటు చెబితే అటు బుద్ధిగా పరిగెత్తేవారు. పరాయివాళ్లకున్న గౌరవం మనవాళ్లకు లేకపోయెనే అని బాధపడేవాణ్ని కూడా. ప్రతి మ్యాచ్‌కూ జట్లు మారేవి, నా కుర్చీ మాత్రం మారకుండా అవతలి గోల్ పక్కనే పడేది. మెస్‌లో నాకు చికెన్‌లో లెగ్ పీస్ రావడం మొదలైంది. హల్వా డబ్బా మూత తీసినప్పుడు మొదటి స్పూన్ నాకే. మనిషి పాడవడానికి ఇంకేం కావాలి?

ఫైనల్ ముందు రోజు నా గొంతు పోయింది. మూడు మ్యాచ్‌ల అరుపు, దాని మీద ఫ్రిజ్‌లోని చల్లటి మజ్జిగ. పొద్దున లేచి "ఏం భాయ్" అనబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. పోనీ మైకులో చూద్దామని పెట్టుకుంటే సైకిల్ ట్యూబు పంక్చరైన చప్పుడు వచ్చింది. కబురు క్యాంపంతా పాకింది. కెప్టెన్ కాలు విరిగినా అంత గగ్గోలు పుట్టి ఉండదు. బుల్లెట్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కేరళ అబ్బాయి ఏదో ఆకు నూరి మెడకు పూశాడు. చాచా మిరియాలు, అల్లం, తేనె వేసి ఒక లోటాడు కషాయం కాచి తెచ్చి, "బాతాం నక్కో కరో, పీవ్" అని, మాట్లాడకుండా తాగమని ముక్కు మూసి పోశాడు. నేనేమో దుప్పటి కప్పుకుని, చూశారా నేను లేకపోతే మీ గతి ఏమిటో అన్నట్టు అందరి వంకా దయగా చూశాను.

ఫైనల్ సువైక్ నుంచి వచ్చిన జట్టుతో. తీరప్రాంతపు ఖర్జూరం తోటల వైపు మనుషులు, దిట్టంగా ఉన్నారు. పొద్దున్నే బస్సెక్కి కొండలు దాటి వచ్చారు, మా ఆట అంతకు ముందు చూసినవాళ్లు కారు. వాళ్ల గోల్‌కీపర్ అక్కడి కుర్రవాడే, కానీ హిందీ నా కంటే శుభ్రంగా మాట్లాడేవాడు, సినిమాలు చూసి నేర్చుకున్నాడట. రోడ్డు పక్కన కార్లు ఆపి ఊరివాళ్లు కూడా చూడడానికి దిగారు. ముదీర్ తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా, వేసుకుని గట్టు మీద కుర్చీలో కూర్చున్నాడు. ఆయన వెనకే, గేటు బయట, పైపుల లారీ ఒకటి అప్పటికే వచ్చి ఆగి ఉంది. డ్రైవరు దిగి మాతోపాటు ఆట చూస్తున్నాడు.

మొదటి సగం నేను మూగవాణ్ని. చేతులు ఊపాను, తువ్వాలు ఊపాను, ఎవరూ నా వంక చూడలేదు. మావాళ్లు బాగానే ఆడారు, బ్లాకుల్లా బంతిని చేతులు, క్షమించండి, కాళ్లు మార్చారు. కానీ సువైక్ వాళ్లూ తెలివైనవాళ్లే, దారులన్నీ మూసేశారు. పైగా చాచా వదిలేసిన సగంలోంచి ఒక గోల్ పడింది. విరామంలో పదకొండు మందీ నా కుర్చీ చుట్టూ చేరారు. ఇంకో లోటాడు కషాయం వచ్చింది. కడప భాయ్ నా ముందు గొంతుక్కూర్చుని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అన్నా, ఎట్లన్నా జేసి అరువన్నా. నీకు దండం పెడతా. ఒక్క పది నిమిషాలు. గ్రౌండ్ పోతాదన్నా." అతని కళ్లు గోల్‌పోస్టు మీద ఉన్నాయి. తన కూతురు పుట్టిందన్న కబురు అతను విన్నది ఆ పైపు పట్టుకునే. నాకూ ఏడుపొచ్చింది. తల ఊపి, కషాయం గటగటా తాగి, దేవుడా అనుకుని నోరు తెరిచాను. గాడిద ఓండ్ర పెట్టినట్టు ఒక శబ్దం వచ్చింది. వచ్చింది చాలు!

రెండో సగం ఎలా ఆడారో ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. నేను, "పహాడ్... పహాడ్..." అని ఓండ్ర పెట్టాను. సువైక్ వాళ్లు నలుగురు కొండ వైపు కదిలారు. చాచా దగ్గర బయలుదేరిన బంతి పంజాబీకి, పంజాబీ నుంచి కడప భాయ్‌కి, అక్కడి నుంచి చూడకుండానే రోడ్డు వైపున్న కేరళ అబ్బాయికి. లారీ మీద నుంచి కిందికి బ్లాక్ దిగినట్టు, ఒక్కచోటా ఆగలేదు. కేరళ అబ్బాయి తానే కొట్టొచ్చు, ఎదురుగా గోల్ ఉంది. పోయినేడాది అయితే కొట్టి బయటికి పంపేవాడు. ఇప్పుడు పక్కకు ఇచ్చాడు. బుల్లెట్ తోసేశాడు. గోల్! ఇచ్చినవాడూ కొట్టినవాడూ ఒకరినొకరు ఎత్తుకున్నారు. ఆడడం చేతకాని నాకు కూడా ఆ క్షణంలో ఒక సంగతి అర్థమైంది, ఇది నా అట్టపెట్టె మీది బాణాల్లో లేని విద్య అని. అర్థమైంది గానీ ఒప్పుకోలేదు.

సూర్యుడు కొండ మీదికి జారాడు. మగ్రిబ్ అజాన్ అయితే ఆట ముగిసినట్టే. అప్పుడు సువైక్ వాడొకడు గోల్ ముందు బుల్లెట్‌ను పడదోశాడు. రెఫరీ, దగ్గరి స్కూల్లో ఆటల మాస్టారు, విజిల్ ఊది పెనాల్టీ ఇచ్చాడు. ఇదే ఆఖరు దెబ్బ అన్నాడు. కడప భాయ్ బంతి పెట్టుకున్నాడు. గట్టు మీద ముదీర్ లేచి నిలబడ్డాడు, లారీ డ్రైవరు కూడా. కడప భాయ్ బంతి వంక చూడలేదు, గోల్‌కీపర్ వంకా చూడలేదు. గోల్ పక్కనున్న నా వంక చూశాడు. నాకు బాధ్యత తలకెక్కింది. నిజాయితీగా ఆలోచించాను. గోల్‌కీపర్ రోడ్డు వైపు ఒక అడుగు ఎక్కువ వేసి నిలబడ్డాడు, కొండ వైపు ఖాళీ ఉంది. ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను: "భాయ్! పహాడ్ కీ తరఫ్ మారో! పహాడ్!"

గోల్‌కీపర్ కొండ వైపు దూకాడు. బంతి రోడ్డు వైపు నుంచి మెల్లగా, తాపీగా, లోపలికి దొర్లింది.

క్యాంపు క్యాంపంతా గ్రౌండ్ మీదికి ఉరికింది. చాచా ఏడ్చాడు. ముదీర్ స్వయంగా వచ్చి అందరి భుజాలూ తట్టి, లారీ డ్రైవరుకు రోడ్డు అవతల ఇంకో చోటు చూపించాడు. (ఉందన్నమాట ఇంకో చోటు!) ఆ గందరగోళంలో నేనొక్కణ్నే కుర్చీలో మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆఖరికి ఆ ఒక్క దెబ్బ అయినా నేను చెప్పిన వైపు కొట్టకపోయెనే! సువైక్ గోల్‌కీపర్ ఒంటికి అంటిన దుమ్ము దులుపుకుంటూ నా ముందుకొచ్చి, "మీ మాట నమ్మి పడిపోయాను భాయ్" అన్నాడు. నాలాంటివాణ్ని వీళ్లయినా గౌరవిస్తున్నారు కదా అని, కరచాలనం చేసి, ధైర్యం చెప్పి పంపాను.

ఏళ్లు గడిచాయి. కడప భాయ్ ఇక్కడి పని పూర్తిగా ముగించుకుని ఊరికి వెళ్లిపోతుంటే మస్కట్ ఎయిర్‌పోర్టుకు కంపెనీ పికప్‌లో నేనే దింపాను. సగం దారి దాకా ఊరి కబుర్లే చెప్పుకున్నాం. తర్వాత అతను గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, ఒక మాట చెప్పల్ల. ఏమనుకోవాకు."

"చెప్పు."

"ఆ ఏడు మనం కప్పు గెలిచినాం చూడు... నువ్వు హిందీలో అరస్తాంటే అవతలోళ్లు నీ మాట ఇని అటే పోతాండ్రి. మొదటి మ్యాచ్‌లో సగం ఆట అయ్యేసరికి కనుక్కుంటి. అందుకే పిల్లోళ్లకు చెప్తి, స్టోర్ భాయ్ ఎటు చెప్తే దానికి ఎదురు పోండి అని. అందుకే నీ కుర్చీ వాళ్ల కాడ ఏసింది."

నేను బండి రోడ్డు పక్కకు తీసి ఆపాను. లెగ్ పీసులు, హల్వా మొదటి స్పూన్, కషాయం, గోల్‌కీపర్ అన్న మాట, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"అంటే నేను చెప్పింది ఒక్కటీ చేయలేదా?"

"ఒక్కటీ చేయలేదన్నా." అతను కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నువ్వు లేకుండా ఒక్కటీ గెలవలేదు."

"ముందే చెప్పుంటే నేనే కావాలని తప్పు చెప్పేవాణ్ని కదయ్యా!"

"నీ మొగానికి అబద్ధం రాదన్నా. నువ్వు నిజంగా చెప్తేనే వాళ్లు నమ్ముతారు."

నేను నవ్వాను. అతనూ నవ్వాడు. పక్కనుంచి లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతుంటే ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఎయిర్‌పోర్టు తలుపు దగ్గర అతను నన్ను గట్టిగా కౌగిలించుకుని లోపలికెళ్లాడు. తిరుగుదారిలో పికప్ ఖాళీగా ఉంటే నాకు ఏడుపొచ్చింది, ఎందుకు దాచడం.

ఇప్పుడు నేను మస్కట్‌లోని ఘుబ్రాలో సంసారంతో ఉంటున్నాను, హెడ్డాఫీసులో పని. ఈ కథ విని మా ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మన ఇల్లు నడుస్తాండేది కూడా అట్లే గదా" అంది. మొన్నామధ్య పని మీద నిజ్వా వెళ్లినప్పుడు, శుక్రవారం కాబట్టి పాత క్యాంపు వెనక్కి వెళ్లాను. గ్రౌండ్ అలాగే ఉంది. కంకర అదే, కొండ అదే, గోల్‌పోస్టులకు మాత్రం కొత్తగా తెల్లరంగు వేశారు. ఒక కుర్రవాడు ఆ పైపును పట్టుకుని ఫోన్‌లో ఎవరినో బతిమాలుతున్నాడు. కొత్త జట్టు, కొత్త ముఖాలు. నేనెవరో చెప్పగానే ఎవరో పరిగెత్తి మెస్ నుంచి కుర్చీ తెచ్చి అవతలి గోల్ పక్కన వేశారు. "అంకుల్, మీ సంగతి మాకు తెలుసు, మీరు అరవాలి" అన్నారు. కడప భాయ్‌కి వీడియో కాల్ చేసి ఫోన్ గ్రౌండ్ వైపు తిప్పాను. నెరిసిన గడ్డంతో అతను తెర మీద నవ్వుతూ, "అరువన్నా!" అన్నాడు.

మావాళ్లు బంతితో వస్తున్నారు. చక్కగా, ఎవరి చోట వాళ్లు, చూడకుండానే ఒకరికొకరు ఇచ్చుకుంటూ. నేను ఊపిరి పీల్చి నోరు తెరవబోయేసరికి అవతలి గోల్‌కీపర్ నా వైపు తిరిగి నవ్వాడు. "అంకుల్, మీ సంగతి మాకూ తెలుసు. మీరు చెప్పినదానికి ఎదురే దూకుతాం" అన్నాడు.

మరి మావాళ్లకు ఆ సంగతి తెలుసా? నేను కొండ అంటే వీళ్లు రోడ్డు అనుకుంటారు, వాళ్లు కూడా రోడ్డే అనుకుంటారు. రోడ్డు అంటే అందరూ కొండకే పోతారు. బంతి దగ్గరికొచ్చేసింది. ఫోన్‌లోంచి కడప భాయ్ అరుస్తున్నాడు. నిజం చెప్పడం తప్ప ఇంకేమీ చేతకాని పాతికేళ్ల స్టోర్ భాయ్ అయితే ఈపాటికి మైకు అందుకునేవాడు. నేను మాత్రం నోరు తెరుచుకుని అలాగే కూర్చున్నాను, ఎటు అనాలో తెలియక.